తొంభై రోజుల మాట

తొంభై రోజుల గారంటీ ఇచ్చి అమ్మిన గడియారం పద్నాలుగేళ్ళు ఆగకుండా నడిచిందనుకోండి. అమ్మినవాడిని మెచ్చుకుంటామా, లేక "ఇంతకాలం నడిచేదానికి తొంభై రోజులే అని ఎందుకు చెప్పావయ్యా?" అని నిలదీస్తామా? కుజగ్రహం మీదికి అమెరికా పంపిన రెండు బండ్ల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన మిత్రులలో ఎవరో ఒకరు ఈ రెండో ప్రశ్నే వేస్తూ ఉంటారు. అడిగేవాళ్ళలో ఇంజనీర్లే ఎక్కువ. తక్కువ చెప్పి ఎక్కువ చేసి చూపించడం పాత ఎత్తే కదా అని వాళ్ళ అనుమానం. ఈ నెల మన శీర్షికలో ఆ అనుమానాన్నే పట్టుకుని కాస్త లోపలికి వెళదాం.

ముందు పాత్రల పరిచయం. ఒక బండి పేరు స్పిరిట్, రెండవదాని పేరు ఆపర్చునిటీ. ఈ పేర్లు పెట్టింది ఏ పెద్దల కమిటీయో కాదు. బడిపిల్లలకి వ్యాసరచన పోటీ పెడితే అరిజోనాలో మూడవ తరగతి చదువుతున్న తొమ్మిదేళ్ళ పాప గెలిచింది. సైబీరియాలో ఒక అనాథాశ్రమం నుంచి దత్తత మీద అమెరికా వచ్చిన పాప. ఇల్లు విడిచి దూరదేశం వచ్చినవాళ్ళకి ఆ రెండు మాటల అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

రెండూ కవలపిల్లలు. ఒక్కొక్కటి గోల్ఫు బండి అంత ఉంటుంది. బరువు సుమారు 180 కిలోలు, చక్రాలు ఆరు. వీపు మీద సూర్యరశ్మిని కరెంటుగా మార్చే పలకలు, లోపల రెండు లిథియం బేటరీలు. చదునైన నేల మీద ఎంత తొందరపెట్టినా నిమిషానికి మూడు మీటర్లకి మించి కదలవు. 2003 వేసవిలో బయలుదేరి 2004 జనవరిలో మూడు వారాల తేడాతో కుజుడి మీద చెరో పక్క దిగాయి. స్పిరిట్ దిగింది గూసెవ్ అనే పెద్ద గుంటలో. ఆపర్చునిటీ దిగింది మెరిడియాని అనే మైదానంలో.

నాసా వారు ఇచ్చిన మాట ఇది: ఒక్కొక్క బండీ 90 రోజులు పనిచేస్తుంది, ఒక కిలోమీటరు దాకా నడుస్తుంది. జరిగినది వేరు. స్పిరిట్ 2010 మార్చి 22 దాకా, అంటే ఆరేళ్ళకి పైగా మాట్లాడుతూ 7.7 కిలోమీటర్లు నడిచింది. ఆపర్చునిటీ 2018 జూన్ 10 దాకా మాట్లాడుతూ 45 కిలోమీటర్లు, అంటే 28 మైళ్ళు నడిచింది. 2015 మార్చిలో అది మారథాన్ పరుగు దూరాన్ని దాటింది. పరుగు పూర్తికావడానికి పదకొండేళ్ళ రెండు నెలలు పట్టిందనుకోండి, అది వేరే సంగతి. రోజుల లెక్కలో 90 ఎక్కడ, 5,111 ఎక్కడ!

ఇక్కడ రోజు అంటే కుజుడి రోజు. దానికి సోల్ అని పేరు. అది 24 గంటల 39 నిమిషాలు, మన రోజు కంటే కొంచెం పొడుగు. మొదటి మూడు నెలలూ కాలిఫోర్నియాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేసేవాళ్ళు కుజుడి గడియారం ప్రకారమే లేచి, కుజుడి గడియారం ప్రకారమే పడుకున్నారు. అంటే ఈ రోజు పొద్దున్న ఎనిమిదికి పనిలోకి వస్తే రేపు ఎనిమిదీ నలభైకి, ఎల్లుండి తొమ్మిదీ ఇరవైకి. దగ్గర్లో ఉన్న ఒక గడియారాల దుకాణం ఆయన వాళ్ళ కోసం చేతిగడియారాలని మెల్లిగా నడిచేలా మార్చి ఇచ్చారు. ఇండియా వెళ్ళి వచ్చాక వారం రోజులు అర్ధరాత్రి కళ్ళు విప్పుకుని కూర్చునే మనకి వాళ్ళ అవస్థ తెలుసు. వాళ్ళకి అది మూడు నెలలు.

ఇక అసలు ప్రశ్న. తొంభై అనే అంకె ఎక్కడిది?

దీనికి జవాబు దుమ్ములో ఉంది. జాతకంలో కుజదోషం ఉంటే మనవాళ్ళు శాంతి చేయిస్తారు. ఈ బండ్ల జాతకంలో దోషం కుజుడిది కాదు, కుజుడి మీది దుమ్ముది. ముఖానికి రాసుకునే పౌడరు కంటే సన్నమైన ఎర్రదుమ్ము అక్కడి గాలిలో ఎప్పుడూ తేలుతూ ఉంటుంది. 1997లో సోజర్నర్ అనే చిన్న బండి అక్కడ తిరిగినప్పుడు దాని పలకల మీద దుమ్ము పడి రోజుకి పావు శాతం పైచిలుకు కరెంటు తగ్గుతూ వచ్చింది. ఆ లెక్కన తొంభై రోజులయ్యేసరికి నాలుగో వంతు పోతుంది. దానికి తోడు చలికాలం దగ్గర పడుతూ ఎండ తగ్గుతుంది. రాత్రిపూట అక్కడి చలి సున్నాకి దిగువన వంద డిగ్రీల దాకా పోతుంది. ఆ చలిలో బేటరీలని వెచ్చగా ఉంచుకోవడానికి కూడా కరెంటు చాలని రోజు ఒకటి వస్తుందని లెక్క వేసుకున్నారు.

అయితే తొంభై అనేది ఆయుర్దాయం కాదు. పరీక్షలో పాసు మార్కు. "తొంభయ్యో రోజున కూడా బండి పనిచేస్తూ ఉండాలి; అంతవరకూ నడిస్తే పని సఫలమైనట్టు" అని షరతు. ఆ షరతు నెగ్గుతుందని గట్టిగా నమ్మాలంటే తొంభయ్యో రోజుకి సరిగ్గా అరిగిపోయే సామాను పెట్టి లాభం లేదు. విమానం తప్పిపోకూడదనుకునేవాడు సరిగ్గా విమానం వేళకి చేరేలా ఇంట్లోంచి బయలుదేరడు, రెండు మూడు గంటల ముందే బయలుదేరతాడు. మామూలుగా అయితే ముందే చేరి కూర్చుంటాడు. అలాగే ఏది జరిగినా తొంభై రోజులు నిలవాలని కట్టిన యంత్రం, ఏదీ జరగకపోతే తొంభైని దాటి చాలా దూరం పోతుంది. పెళ్ళిలో నాలుగు వందల విస్తళ్ళు లేస్తాయంటే అయిదు వందలకి వండించే పెద్దమనిషిని అబద్ధాలకోరు అనం కదా!

అప్పట్లో ఆ జాగ్రత్తకి మరో కారణం కూడా ఉంది. 1999లో నాసా కుజుడి దగ్గర రెండు నౌకలని పోగొట్టుకుంది. ఒకటి, ఒక జట్టు పౌండ్లలోనూ మరొక జట్టు మెట్రిక్ కొలతలలోనూ లెక్కలు కట్టడం వల్ల దారి తప్పింది. రెండవది దిగుతూ దిగుతూ మూగబోయింది. ఆ గాయం పచ్చిగా ఉండగానే ఈ కవలలని కట్టారు. ఒకటి పోయినా ఒకటి మిగలాలనే రెండు పంపారు.

కాబట్టి మన ఇంజనీరు మిత్రుల అనుమానానికి సగం జవాబు వచ్చినట్టే. తొంభై అన్నది కనీసపు హామీ. కాని కనీసపు హామీ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఎలా వచ్చింది? అంత ఆయుష్షు కట్టినవాళ్ళు కూడా ఊహించలేదు. అందులో కొంత గాలి చలవ, ఎక్కువ భాగం మనుషుల చలవ.

ముందు గాలి సంగతి. కుజుడి మీద వాయుమండలం మన భూమి మీద ఉన్నదానిలో నూరో వంతు కూడా లేదు. అంత పలచని గాలి దుమ్ము దులుపుతుందని ఎవరూ నమ్ముకోలేదు. అలాంటిది 2005 మార్చిలో ఒక రాత్రి తెల్లవారేసరికి స్పిరిట్ పలకలు కడిగిన అద్దాల్లా ఉన్నాయి. మొదట్లో వచ్చిన కరెంటులో 60 శాతానికి పడిపోయినది, ఒక్కసారిగా 93 శాతానికి లేచింది. ఆ మర్నాడే దూరంగా సుడిగాలులు తిరుగుతూ కెమేరాకి చిక్కాయి. అప్పటి నుంచి ప్రతి ఏడూ గాలుల కాలం కోసం రైతు తొలకరికి చూసినట్టు ఎదురు చూడడం ఆ జట్టుకి అలవాటయింది.

గాలి అందరికీ వీయదు. 2018లో దిగిన ఇన్‌సైట్ అనే కదలని నౌకకి ఆ అదృష్టం కలగలేదు. దాని చేతితోనే పలకల పక్కన ఇసక జారవిడిచి, ఆ ఇసక రేణువులు గాలికి దొర్లుతూ దుమ్ముని ఊడ్చుకుపోయేలా చేశారు. ఉపాయం కొంత పారింది. అయినా 2022 డిసెంబరులో అది దుమ్ము కిందే మాట ఆపేసింది. చైనావారి జురాంగ్ అనే బండి కూడా తొంభై రోజుల మాట మీదే 2021లో దిగి, దాదాపు ఏడాది తిరిగి, 2022 చలికాలంలో పడుకున్నది మళ్ళీ లేవలేదు. అదే గ్రహం, అదే దుమ్ము. ఒక్క గాలినే నమ్ముకుంటే ఏమవుతుందో ఇవి చెబుతాయి.

ఇక మనుషుల సంగతి. బండి కుజుడి మీద, నడిపేవాళ్ళు భూమి మీద. మన మాట అక్కడికి చేరడానికి దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అందుచేత స్టీరింగు పట్టుకుని నడిపినట్టు నడపడం కుదరదు. రోజుకొకసారి ఆ రోజు చేయవలసిన పనులన్నీ చీటీ రాసి పంపినట్టు పంపాలి. సాయంత్రం వచ్చిన జవాబు చూసి రేపటి చీటీ రాయాలి. ఏదైనా చెడితే స్పేనరు పట్టుకుని వెళ్ళేవాడు లేడు.

చెడడం మొదటి నెలలోనే మొదలయింది. దిగిన పద్దెనిమిదో రోజున స్పిరిట్ మాట తడబడింది. తనంతట తానే అరవై సార్లకి పైగా ఆగి మళ్ళీ మొదలుపెడుతూ, రాత్రిళ్ళు నిద్రపోకుండా బేటరీ ఖర్చు చేసుకుంటోంది. కారణం ఏమిటంటే, ప్రయాణంలోనూ దిగాకా పోగేసుకున్న ఫైళ్ళు మరీ ఎక్కువై జ్ఞాపకశక్తి కిక్కిరిసిపోయింది. ఆ జ్ఞాపకాన్ని పక్కనపెట్టి లేవమని చెప్పి, అక్కరలేని ఫైళ్ళు చెరిపేసి, చివరికి మొత్తం తుడిచి శుభ్రం చేశారు.

ఆపర్చునిటీకి పుట్టుకతోనే ఒక అవకరం. భుజం దగ్గర వెచ్చదనానికి పెట్టిన చిన్న హీటరు స్విచ్చి ఆగకుండా ఉండిపోయింది. రాత్రంతా వృథాగా కరెంటు తాగేస్తోంది. పరిష్కారంగా దానికి గాఢనిద్ర నేర్పారు. సాయంత్రం కాగానే బేటరీలతో సహా అన్నిటినీ విడదీసేసి, పొద్దున్న ఎండ తగిలితే లేచేలా చేశారు. రాత్రి చలికి ఒక పరికరం పాడైపోవచ్చునని తెలిసే ఆ సాహసం చేశారు. అదృష్టవశాత్తు అది చాలా ఏళ్ళు బాగానే పనిచేసింది. 2005 ఏప్రిల్‌లో అదే బండి ఇసక తిన్నెలో కూరుకుపోతే, ప్రయోగశాలలో రకరకాల పొడులు కలిపి అలాంటి ఇసకే తయారుచేసి, దానిలో మరో బండిని కావాలని దిగబెట్టి, బయటికి తీయడం నేర్చుకున్నాక గాని ఇటు నుంచి చీటీ పంపలేదు. బయటపడడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది.

చలికాలం ఉపాయం మరీ ముచ్చటైనది. రెండు బండ్లూ కుజుడి దక్షిణార్ధంలో ఉన్నాయి కాబట్టి చలికాలంలో సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. పలకలని సూర్యుడి వైపు తిప్పే మరలు లేవు. అందుకని బండినే ఉత్తరానికి వాలిన గట్టు మీద నిలబెట్టి, పలకలు ఎండకి ఎదురుగా ఉండేలా చేసేవాళ్ళు. సంక్రాంతి ముందు చలిలో ఎండ పొడ వెతుక్కుని అరుగు మీద కూర్చునే మన తాతయ్యల పద్ధతే.

2006 మార్చిలో స్పిరిట్‌కి ముందు కుడిచక్రం పూర్తిగా బిగుసుకుపోయింది. అప్పటి నుంచి బండిని వెనక్కి నడుపుతూ ఆ చక్రాన్ని ఈడ్చుకుపోనిచ్చారు. నాగలి కర్రు గీసినట్టు నేల మీద చాలు పడింది. మర్నాటి ఏడు, అంటే 2007లో, ఆ చాలులో తెల్లని మట్టి బయటపడింది. పరీక్షిస్తే తొంభై శాతం సిలికా. అలాంటిది మన భూమి మీద వేడినీటి ఊటల దగ్గర, ఆవిరి చిమ్మే రంధ్రాల దగ్గర పోగవుతుంది. చక్రం బాగుంటే ఆ మట్టి పైకి తేలేదే కాదు.

ఇంత చాకిరీ ఎందుకు, ముసలి బండికి పెన్షను దండగ కాదా అని అడిగినవాళ్ళు లేకపోలేదు. రెండింటినీ కట్టి, పంపి, మొదటి మూడు నెలలు నడపడానికి అయిన ఖర్చు 82 కోట్ల డాలర్లు. తరవాత ఏడాదికి రెంటికీ కలిపి సుమారు 2 కోట్లు. 2008 మార్చిలో ఆ రెండు కోట్లలో 40 లక్షలు కోసేయమని ఉత్తర్వు వచ్చింది. అలా కోస్తే స్పిరిట్‌ని నిద్రపుచ్చక తప్పదని జట్టువాళ్ళు మొత్తుకున్నారు. పత్రికలలో గోల అయింది. కొద్ది రోజులలోనే ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది.

మొదటి తొంభై రోజులతో సరిపెట్టుకుని ఉంటే ఏం పోయేదో చూడండి. ఆపర్చునిటీ దిగిన కొత్తలోనే, ఒకప్పుడు అక్కడ నీరు ఉండేదని రాళ్ళలో రుజువు చూపించింది. కాని ఆ నీరు పుల్లటి ఆమ్లపు నీరు. జీవం పుట్టడానికి అంతగా పనికొచ్చేది కాదు. అక్కడితో కట్టేస్తే "కుజుడి మీద ఆమ్లపు నీరు" అని పాఠ్యపుస్తకాలలో రాసుకునేవాళ్ళం. ఏడేళ్ళ తరవాత 2011 ఆగస్టులో అది ఎండెవర్ అనే గుంట గట్టుకి చేరింది. అక్కడి రాళ్ళు ఇంకా పాతవి. వాటిలో జిప్సం చారలు కనిపించాయి. 2013లో ఒక రాతిలో బంకమట్టి ఖనిజాలు దొరికాయి. అవి తయారవాలంటే పులుపు లేని, ఇంచుమించు తాగడానికి పనికొచ్చేటంత మంచినీరు కావాలి. అంటే మొదటి జవాబు తప్పు కాదు గాని సగం. మిగతా సగం కోసం తొమ్మిదేళ్ళు బండి నడపవలసి వచ్చింది.

ఇంత కాలం నడిచేసరికి నడిపేవాళ్ళు కూడా మారిపోయారు. 2004లో ఆపర్చునిటీ దిగిన రాత్రి, పోటీలో ఎంపికై ప్రయోగశాలకి వచ్చి చూసిన హైస్కూలు పిల్లలలో ఏబిగేల్ ఫ్రేమన్ ఒకరు. ఆవిడ తరవాత అదే రంగంలో డాక్టరేటు చేసి అదే బండికి ఉప ప్రాజెక్టు శాస్త్రవేత్త అయ్యారు. మన ఇళ్ళలో సైన్సు ఫెయిర్‌కి అట్టముక్కలు కత్తిరించుకుంటున్న పిల్లలకి ఈ సంగతి ఒకసారి చెప్పి చూడండి.

ఆఖరి ఘట్టం. స్పిరిట్ 2009లో మెత్తని ఇసకలో కూరుకుపోయింది. ఆ ఏడాది చివరికి వెనక చక్రం కూడా ఒకటి ఆగిపోయింది. ఎండకి ఎదురుగా ఉన్న గట్టు చేరలేక, చలికాలంలో పడుకుని మరి లేవలేదు. 2011 మే దాకా పిలిచి ఆపేశారు. అది తిరిగిన కొండలకి, 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌకలో పోయిన ఏడుగురి పేర్లూ పెట్టారు. వాటిలో ఒక కొండ మన కల్పనా చావ్లా పేరు మీద ఉంది.

ఆపర్చునిటీకి వయసు మీద పడి మతిమరుపు వచ్చింది. 2014లో జ్ఞాపకాన్ని తుడిచి బాగుచేశారు, అయినా లాభం లేకపోయింది. తరవాత ఏ రోజు చూసినది ఆ రోజే, నిద్రపోయే ముందే, పంపేసేలా నడిపారు. 2018 జూన్‌లో గ్రహమంతా కమ్ముకున్న దుమ్ము తుఫాను వచ్చింది. మొదట్లో దానికి రోజుకి 900 వాట్-గంటల కరెంటు వచ్చేది. అంటే నూరు వాట్ల బల్బు తొమ్మిది గంటలు వెలుగుతుంది. 2007 తుఫానులో అది 128కి పడినా తట్టుకుంది. ఈసారి 22కి పడింది. అదే బల్బు పదమూడు నిమిషాలకి మించి పెద్దగా వెలగదు. చీకటి పడుతోంది, బేటరీ అడుగంటుతోంది అని ఆ బండి దీనంగా చెప్పినట్టు ఒక వాక్యం లోకమంతా పాకింది. అది మనిషి కట్టిన మాట. బండి పంపినది అంకెలే. ఆ అంకెలని చదివి గుండె పట్టుకున్నవాళ్ళు మనుషులు. గాలుల కాలం వచ్చి దుమ్ము దులుపుతుందేమోనని ఎనిమిది నెలలు, వెయ్యికి పైగా పిలుపులు పంపారు. 2019 ఫిబ్రవరి 13న ఇక చాలునని ప్రకటించారు.

ఈ కథ ఒక్క అమెరికా వారిదే కాదు. మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయానాన్ని ఆరు నెలల పనికి కట్టారు. అది కుజుడి చుట్టూ ఏడున్నర ఏళ్ళు తిరిగి, 2022 ఏప్రిల్‌లో మాట ఆపేసింది. కుజుడి మీద అయిదుసార్లు ఎగిరితే చాలనుకున్న ఇంజెన్యూయిటీ అనే బుల్లి హెలికాప్టరు 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది.

కాబట్టి గడియారం అమ్మినవాడిని నిలదీయవలసిన పని లేదు. వాడు నిలబెట్టుకోగల మాటే ఇచ్చాడు. అడగవలసినది మరొకటి ఉంది: ఆ తరవాత పద్నాలుగేళ్ళూ దానికి రోజూ కీ ఇచ్చినది ఎవరు? వాళ్ళలో చాలామంది పేర్లు ఏ పత్రికలోనూ పడలేదు. గారంటీ కాగితం మీద ఎంత రాసి ఉన్నా, తొంభై ఒకటో రోజు పొద్దున్న ఎవరో ఒకరు వచ్చి ఆ రోజు చీటీ రాయాలి. వాళ్ళు రాశారు.

కుజుడి గురించి మీ పిల్లలు అడిగే ప్రశ్నలుంటే సంపాదకుల పేర పంపండి. వీలైనన్నిటికి ఈ శీర్షికలోనే జవాబు చెప్పుకుందాం.